కోతుల తీర్మానం

పరకాల బస్సు దిగి అద్దగంట నడిస్తే మా ఊరు.
మా ఊరనొద్దేమో, నేను జనగామ పిల్లను,
ఇక్కడ పంచాయతి కార్యదర్శిని.
తీర్మానాల పుస్తకం నా సంచిలుంటది.

మునుపు గ్రామసభంటే
కారోబార్ మొగిలి ఆ పుస్తకం చంకల వెట్టుకొని
ఇల్లిల్లు తిరుగుడే.
పొయ్యికాడ ఒక సంతకం, బర్రెకాడ ఒక వేలిముద్ర.
పొద్దుగూకేసరికి కోరం నిండేది,
సభ మాత్రం ఎక్కడా జరగకపోయేది.
ఏం రాసినవని ఒక్కలు అడుగలే.
అడుగనోళ్లను చూసి నాకూ అనిపిచ్చింది,
వీళ్లకేం పాలన, పింఛన్ వస్తే చాలు అని.

మక్కకంకులు పాలువోసుకునే నెలల
ఆ మాటను కోతులు అబద్ధం జేసినయి.

కట్కూరి ఓదెమ్మ చేన్ల ఒక్క కర్ర నిలువలే.
యాకూబ్‌బీ ఇంటిమీద నూట పదమూడు గూనపెంకలు.
ఆమెనే లెక్కవెట్టింది. పలిగినయన్ని గంపల తెచ్చి
ఆఫీసు అరుగుమీద కుమ్మరిచ్చింది.
"రాయి బిడ్డా, గిది రాయి."

ఆనాడు పిలువకుండనే వచ్చిండ్రు.
కుర్చీలు చాలక పట్టాలు, పట్టాలు చాలక మట్టి.
పట్టెటోళ్లను పిలుద్దాం, ఇంటికి మూడు వందలన్నరు.
మేడకూ మూడొందలు, రేకులకూ మూడొందలా
అని లేచింది గుగులోతు ఈర్య పెండ్లాం.
అక్కడ ఆగింది సభ, రెండు గంటలు.
తిట్లు నేను రాయలే, పుస్తకం సరిపోదు.
ఆఖరికి చేతులు లేపిండ్రు:
డెబ్బై ఆరు, నలభై ఒకటి.
నా కొలువుల మొదటిపాలి
నిజమైన అంకెలు రాసిన.

బోనుల్ల ఎక్కినయి నూట ఎనభై కోతులు.
ఏటూరునాగారం అడవి దూరమాయె, డీజిల్ పిరమాయె,
రాత్రికి రాత్రి పక్కూరి పొలిమేరల ఇడిచి వచ్చిండ్రు.
మాకు ఎరుకే. సప్పట్లు గొట్టినం. నేనూ కొట్టిన.

తొమ్మిదోనాడు పక్కూరోళ్లు సభ వెట్టుకున్నరు.
వాళ్లకూ కోరం నిండింది.
వాళ్లూ చేతులు లేపిండ్రు.
పదోనాడు తెల్లారేసరికి
మా కోతులు మా గూనలమీద.

నవ్వొచ్చింది. ఎనుకనే భయమైంది.
చట్టంగ, లెక్కంగ, అందరం కూడే తప్పు జేసినం.
తప్పు దొరదైతే తిట్టి పండుకోవచ్చు.
మనదైతే నిద్రవట్టదు.

రెండూర్లు గుట్టకింద కూసున్నయి.
నడుమ తాడు గట్టినట్టు ఎవరి దిక్కు వాళ్లు.
గొర్ల లచ్చులు, ఎన్నడూ నోరు తెరువనోడు, అడిగిండు:
"గుట్టమీద నేరేడు, తునికి, మేడి ఉన్ననాడు
కోతి మన మొఖం జూసిందా?
క్వారీకి సంతకం వెట్టిందెవలు?"

పాత పుస్తకం తీసిన. తీర్మానం పద్నాలుగు.
పొయ్యికాడి సంతకాలు, బర్రెకాడి వేలిముద్రలు.
యాకూబ్‌బీది గూడ ఉంది, నూనె మరకతోని.
ఆమె తన బొటనవేలు దిక్కు శానసేపు చూసింది.

చెట్లు వెట్టాలె. సరే.
నేరేడు కాతకొచ్చేందుకు ఏడేండ్లు.
సర్పంచ్ గడువు ఐదేండ్లు.
మిగిలిన రెండేండ్లు ఎవరివని ఒక పిలగాడు అడిగితే
జవాబు రాసేందుకు నా పుస్తకంల గడి లేదు.

ఇయ్యాల్టికి మూడొందల మొక్కల్ల
బతికున్నయి నూట తొంభై.
ఓదెమ్మ వంతునాడు ఓదెమ్మ రాలే.
జరమన్నది, కూలికి నాట్లేయవోయింది.
జరిమానా మీద మళ్ల సభ, మళ్ల తిట్లు.
పక్కూరోళ్లు నీళ్ల ట్యాంకరిస్తమని ఇంకా ఇయ్యలే.
వీళ్లతోని అయితదా అంటే, ఏమో,
నిరుడైతే టక్కున చెప్తుంటి.

ఆఫీసు గోడమీద వంతుల జాబితల
బేస్తారం గడిల ఎవరో బొగ్గుతోని రాసిండ్రు,
నన్ను అడుగకుండనే, కార్యదర్శి అని గాకుండ,
శొబారాణి అని, తప్పుల తడకగ.

బిందె వట్టుకొని గుట్టెక్కుతున్న.
ఎనుకాల్నే ఒక ముసలి కోతి.
నా సంచిల అరటిపండుందా,
పుస్తకముందా అని
వంగి వంగి చూస్తంది.